ట్యాంకరు చప్పుడుతో తెల్లారే ఊళ్లో ఉండాలా, తణుకు వెళ్లిపోవాలా?

ప్రశ్న: నమస్కారం మేడమ్. నాకు 36 ఏళ్లు, మా ఆయనకి 40. ఇద్దరిదీ తణుకే. పెళ్లయిన దగ్గర్నుంచీ, అంటే పన్నెండేళ్లుగా హైదరాబాద్‌లో ఉంటున్నాం. ఇప్పుడు నిజాంపేటలో అద్దెకి ఉన్నాం. ఆయన ఆఫీసు నానక్‌రామ్‌గూడలో, వారానికి మూడు రోజులు వెళ్లాలి. వెళ్లిన రోజు పొద్దున ఎనిమిదింటికి బయల్దేరితే రాత్రి ఎనిమిదిన్నరకి ఇంటికొస్తారు, వచ్చాక ఎవరితోనూ మాట్లాడరు. అద్దె 24 వేలు, మెయింటెనెన్స్ 3 వేలు, ఎండాకాలంలో ట్యాంకర్ల డబ్బులు మళ్లీ వేరే. తెల్లవారుజామున నాలుగున్నరకి ట్యాంకరు రివర్స్‌లో వచ్చే చప్పుడుకి మా నాలుగేళ్ల పాప లేచి కూర్చుంటుంది. బాబుకి తొమ్మిదేళ్లు, చలికాలమంతా నెబ్యులైజర్ పెట్టాల్సొస్తోంది. తణుకులో మామగారికి సొంతిల్లు ఉంది, పై వాటా ఖాళీగానే ఉంది. ఆయనకి 72 ఏళ్లు, షుగరు, బీపీ. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు మా ఆయన "ఇక సిటీ మన వల్ల కాదు, వచ్చేద్దాం, ఆఫీసులో పూర్తిగా వర్క్ ఫ్రమ్ హోమ్ అడుగుతాను" అన్నారు. అందరూ సంతోషించారు. నేను కూకట్‌పల్లిలో ఒక ల్యాబ్‌లో మైక్రోబయాలజిస్టుగా చేస్తున్నాను, జీతం 38 వేలు, అదేమంత పెద్ద ఉద్యోగం కాదులెండి. మా అన్నయ్యేమో "పిచ్చా మీకు, ఉన్నచోటే ఫ్లాట్ కొనుక్కోండి" అంటున్నాడు. అసలు ఈ పెద్ద సిటీలు ఇంకా మనుషులు ఉండదగ్గవేనా? జూన్‌లో అద్దె అగ్రిమెంటు అయిపోతుంది, స్కూళ్లూ తెరుస్తారు. ఏం చెయ్యమంటారు?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ట్యాంకరూ ట్రాఫిక్కూ నెబ్యులైజరే కనిపించాయి. రెండోసారి "అదేమంత పెద్ద ఉద్యోగం కాదులెండి" అన్న ముక్క దగ్గర ఆగిపోయాను. ఆయన అలసట, మామగారి షుగరు, పాప నిద్ర, మీ అన్నయ్య సలహా, అన్నీ రాశారు గానీ మీకు వెళ్లాలని ఉందో లేదో ఒక్క వాక్యం రాయలేదు. అందరూ సంతోషించారన్నారు, ఆ అందరిలో మీరున్నారా? ఈ సంగతి దగ్గరికి మళ్లీ వస్తాను.

ముందు నా మాట చెప్పేస్తాను, కారణాలు తర్వాత చదువుకుందురు. ఈ జూన్‌లో తణుకు వెళ్లకండి. నిజాంపేటలోనూ ఉండకండి. ఫ్లాట్ అయితే అస్సలు కొనకండి.

మీ ఆయన లెక్క చూద్దాం. ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర అంటే పన్నెండున్నర గంటలు, అందులో ఆఫీసుకి తొమ్మిది తీసేస్తే మూడున్నర గంటలు రోడ్డు మీదే పోతున్నాయి. వారానికి మూడు రోజులు, నెలకి నలభై గంటల పైన. మామూలు ఉద్యోగికి అది ఒక వారం పని, దాన్ని ఆ మనిషి జేఎన్‌టీయూ దగ్గరా, సైబర్ టవర్స్ దగ్గరా, గచ్చిబౌలిలోనూ బ్రేకు మీద కాలేసుకుని చేస్తున్నాడు. అలాంటివాడు ఇంటికొచ్చి మాట్లాడకపోతే కోపం తెచ్చుకోకండి, మాట్లాడటానికి ఆయనలో ఏమీ మిగలట్లేదు. ఆయన "ఈ సిటీ మన వల్ల కాదు" అంటున్నప్పుడు ఆయన కళ్ల ముందున్నది ఆ ఇరవై కిలోమీటర్ల రోడ్డే. మెట్రో ఎక్కచ్చు కదా అని ఎవరైనా సలహా ఇస్తే వాళ్లకి ఆ దారి తెలియదనుకోండి. జేఎన్‌టీయూ స్టేషన్‌లో ఎక్కి అమీర్‌పేట దాకా పోయి, అక్కడ రైలు మారి, వచ్చిన వైపే మళ్లీ వెనక్కి రాయదుర్గం రావాలి. ఆ లైను రాయదుర్గంతో అయిపోతుంది, అక్కణ్నుంచి నానక్‌రామ్‌గూడకి ఆటోయో బస్సో చూసుకోవాల్సిందే. 2017లో మెట్రో మొదలైనప్పుడు మేమంతా పండగ చేసుకున్నాం, ఇప్పుడు 69 కిలోమీటర్లు ఉంది, కానీ ఉద్యోగాలు పెరిగిన వైపుకి అది సగంలోనే ఆగింది.

నేనుండేది పద్మారావునగర్‌లో. కూరలకి నడిచి వెళ్తాను, పొద్దున పార్కుకి నడిచి వెళ్తాను, గాంధీ ఆసుపత్రి దగ్గర్లోనే, సికింద్రాబాద్ స్టేషన్‌కి ఆటోలో కాసేపట్లో వెళ్లిపోతాను. మీరూ నేనూ ఒకే ఊళ్లో ఉన్నామని కాగితాలు చెప్తాయి గానీ మన రోజులకి పోలికే లేదు. అందుకే సిటీ మంచిదా చెడ్డదా అని అడిగినవాళ్లని నేను ముందు ఒకటే అడుగుతాను: ఇంట్లోంచి కాలు బయటపెడితే అరగంటలో మీకు ఏమేం అందుతాయి? పని, స్కూలు, డాక్టరు, కూరగాయలు, ఒక స్నేహితురాలు, వీటిలో నాలుగు అరగంటలో అందితే ఆ ఊరు ఎంత పెద్దదైనా ఉండచ్చు. ఒకటో రెండో మాత్రమే అందుతుంటే చిన్న టౌన్ అయినా విసుగే. నిజాంపేటలో మీకు ఏవి అందుతున్నాయో మీరే వేళ్ల మీద లెక్కేసుకోండి.

ఇక నీళ్లు. ఈ విషయంలో నాకు నిజంగానే కోపం ఉంది, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఈ ఊళ్లో వేలమంది చచ్చిపోయారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారంటారు, ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. ఆ దెబ్బ తర్వాత విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు, ఆయన చెప్పినట్టు ఊరికి ఎగువన జలాశయాలకి పూనుకున్నారు, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. 1920కి గండిపేట, 1927కి హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. వరదా ఆగింది, తాగడానికి నీళ్లూ వచ్చాయి. ఎంతకాలం తాగాం ఆ నీళ్లు! ముందు నీళ్ల సంగతి చూసి తర్వాత ఊరు పెంచారు వాళ్లు. మనం ఏం చేశాం? రాతి నేల మీద ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు లేపి, వెయ్యి అడుగుల బోరేసి, అది ఎండిపోతే ట్యాంకరుకి ఫోన్ చేస్తున్నాం. ఇప్పుడు హైదరాబాద్ తాగే కృష్ణ నీళ్లు నాగార్జునసాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్ల పైన పైపుల్లో, మెట్లు ఎక్కినట్టు పంపు మీద పంపు కొట్టించుకుని వస్తున్నాయి. ఇంకోపక్క మంజీర, 2015 నుంచి ఎల్లంపల్లి దగ్గర్నుంచి గోదావరి. అంత దూరం నుంచి తెచ్చిన నీళ్లు పాత బస్తీలకీ పాత కాలనీలకీ ఓ మోస్తరుగా అందుతాయి, కొత్తగా పెరిగిన అంచులకి వచ్చేసరికి అరకొర. మీ పాప తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి కూర్చోవడానికి కారణం ఇది. పెద్ద ఊరన్నాక ఇంతే అని సరిపెట్టుకోకండి. ఇదే ఊళ్లో మునిసిపల్ నీళ్లు వచ్చే వీధులు బోలెడున్నాయి, మీరు వెతుక్కోవాల్సింది అలాంటి వీధినే.

ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు హాలు ఎంత, బాల్కనీ ఎటు అని చూసే ముందు కిందికెళ్లి వాచ్‌మన్ భార్యతో మాట్లాడండి. ఓనరుని అడిగితే "నీళ్లకి ఢోకా లేదమ్మా" అంటాడు. ఆవిడని మాత్రం "పోయిన మే నెలలో రోజుకి ఎన్ని ట్యాంకర్లు వచ్చాయి?" అని అడగండి, నిజం చెప్తుంది, ఎందుకంటే ఆ పైపు పట్టుకుని నిలబడేది ఆవిడే. మునిసిపల్ నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయా, ఎంతసేపు వస్తాయి, సంపు ఎంత పెద్దది అని కూడా అడగండి. హైదరాబాద్‌లో నెలకి 20 వేల లీటర్ల దాకా ఉచితం అన్న పథకం 2021 నుంచి ఉంది, అపార్ట్‌మెంట్‌కి కనెక్షన్ సరిగ్గా ఉంటేనే అది మీకు పనికొస్తుంది.

తణుకులో ఈ బాధ లేదనుకుంటున్నారేమో. మీరు అక్కడే పుట్టారు కాబట్టి నేను చెప్పక్కర్లేదు, అయినా పన్నెండేళ్లలో మర్చిపోయి ఉంటారని గుర్తు చేస్తున్నాను. ఏప్రిల్లో డెల్టా కాలవలు కట్టేస్తారు. కట్టేసే లోపల మంచినీళ్ల చెరువులు నింపుకుని, కాలవ మళ్లీ వదిలేదాకా వాటితో నెట్టుకురావాలి. రొయ్యల చెరువులు, చేపల చెరువులు పెరిగాక పశ్చిమ డెల్టాలో చాలాచోట్ల కాలవ నీళ్లు చూసి తాగే ధైర్యం ఎవరికీ లేదు, ఇంటింటికీ ఇరవై లీటర్ల టిన్నులే. మే నెల ఉక్కపోత సరేసరి. నేను తణుకుని తక్కువ చెయ్యడానికి చెప్పట్లేదు. నాదీ ఆ పక్కే, పాలకొల్లు.

ఆ పాలకొల్లు నుంచే ఇంకో సంగతి. సంక్రాంతికి చూసిన ఊరిని చూసి ఎవరూ జీవితం నిర్ణయించుకోకూడదు. ఆ నాలుగు రోజులూ హైదరాబాద్ అంతా పంతంగి టోల్‌గేటు దాటి మన ఊళ్లలోనే ఉంటుంది. వీధి నిండా కార్లు, ప్రతి అరుగు మీదా నలుగురు, పిల్లలు రాత్రి పదకొండింటిదాకా బయటే. ఊరు ఎంత బాగుందో అనుకుంటాం. ఒక ఏడాది మా అమ్మకి బాగాలేక నేను కనుమ తర్వాత కూడా రెండు వారాలు ఉండిపోయాను. ముక్కనుమ రాత్రి ట్రావెల్స్ బస్సులు ఒకదాని వెనక ఒకటి వెళ్లిపోయాయి. మర్నాడు పొద్దున వీధిలోకి వస్తే ముగ్గుల మీద టైర్ల గుర్తులు, గుమ్మాల్లో వాడిపోయిన గొబ్బెమ్మలు. ఎదురింటి ఎనభై ఏళ్ల ఆవిడ పిల్లల కోసం తీసిన బొంతలూ దుప్పట్లూ ఒక్కతే మడతపెట్టి అటక మీదకి ఎక్కించలేక అరుగు మీద పెట్టుకుని కూర్చుంది. నేను వెళ్లి ఎక్కించి వచ్చాను. మా వీధిలో పదకొండు ఇళ్లుంటే ఏడు ఇళ్లలో ఇద్దరేసి ముసలివాళ్లు, రెండిళ్లకి తాళం. మీ పిల్లలు సంక్రాంతికి ఎవరితో ఆడుకున్నారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. వాళ్లలో ఎంతమంది తణుకులోనే ఉంటారు, ఎంతమంది మళ్లీ మియాపూర్, కూకట్‌పల్లి బస్సెక్కారు?

మామగారి విషయం తేలిగ్గా తీసుకోమని మాత్రం నేను చెప్పను, చెప్పలేను. 2016లో మా నాన్నకి పక్షవాతం వచ్చింది. సాయంత్రం ఏడింటికి అన్నం ముద్ద చేతిలోంచి జారిపోయింది, నోరు ఒకపక్కకి వెళ్లింది. దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్తే బీపీ పెరిగిందని సెలైన్ పెట్టి రాత్రంతా ఉంచుకున్నారు, తెల్లారాక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లమన్నారు. రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలని, దానికి ముందు సీటీ స్కాన్ తియ్యాలని మాకు అప్పుడు తెలియదు. నాన్న ఇంకో మూడేళ్లు ఉన్నారు గానీ ఆ కుడిచెయ్యి మళ్లీ లేవలేదు. నేనెక్కడున్నాను ఆ రాత్రి? సికింద్రాబాద్‌లో, ఫోన్ పట్టుకుని. ఆ బాధ నాకిప్పటికీ ఉంది. అందుకే మీకు చెప్పేదేంటంటే, మీరు తణుకులో ఉన్నా హైదరాబాద్‌లో ఉన్నా ఈ పని ఈ నెలలోనే చెయ్యండి: రాత్రిపూట కూడా సీటీ స్కాన్ తీసి ఆ ఇంజెక్షన్ ఇచ్చే ఆసుపత్రి తణుకుకి దగ్గర్లో ఏదో ఫోన్ చేసి కనుక్కోండి. రాజమండ్రి గంట, గంటంపావు దూరం, విజయవాడ రెండు గంటల పైన. పేరు, నంబరు, రాత్రి రెండింటికి పిలిచినా వచ్చే కారు డ్రైవరు నంబరు పెద్ద అక్షరాలతో రాసి మామగారి మంచం పక్క గోడకి అంటించండి. 108 నంబరు కూడా రాయండి. మూతి వంకర పోయినా, చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా ఇంకెక్కడికీ వద్దు, నేరుగా అక్కడికే అని అత్తగారికి రెండుసార్లు చెప్పండి.

దీనితోపాటు మీ ఆయన చెయ్యగలిగింది ఒకటుంది. ఆఫీసు రోజులు మంగళ, బుధ, గురువారాలు పెట్టించుకోమనండి, చాలాచోట్ల మేనేజర్లు దీనికి అభ్యంతరం చెప్పరు. నెలకోసారి గురువారం రాత్రి కూకట్‌పల్లిలో బస్సెక్కితే శుక్రవారం పొద్దున్నే తణుకు. శుక్ర, సోమవారాలు పై వాటాలో కూర్చుని పని చేసుకోవచ్చు, శని, ఆదివారాలు అమ్మానాన్నలతో, సోమవారం రాత్రి బస్సుకి తిరిగి రావచ్చు. నెలకి నాలుగు రోజులు. సంక్రాంతికి వచ్చే కొడుకు వేరు, ఏ పండగా లేని శుక్రవారం వచ్చి నాన్నని షుగరు పరీక్షకి తీసుకెళ్లే కొడుకు వేరు. పైగా అత్తగారినీ మామగారినీ అసలు ఎవరైనా అడిగారా, ఇల్లంతా పిల్లలతో నిండితే వాళ్లకి సంతోషమా, లేక అప్పుడప్పుడు మీరొస్తే చాలా అని? సంతోషించారంటే నమ్ముతాను. పండగపూట ఏ తల్లి వద్దంటుంది?

బాబు ఊపిరి గురించి. ఊరు మారితే తగ్గుతుందని మీకు మీరే తేల్చేసుకోకండి. నిజాంపేట, బాచుపల్లి వైపు ఎటు చూసినా కట్టడాలే, ఆ దుమ్ము మంచిది కాదు, అందులో అనుమానం లేదు. అయితే డెల్టాలో కోతలయ్యాక గడ్డి తగలబెట్టే పొగ, దోమల చక్రాల పొగ, వానాకాలంలో గోడల చెమ్మ కూడా ఇలాంటి పిల్లలకి పడవు. సంక్రాంతికి తణుకులో ఉన్నన్ని రోజులూ వాడికి ఎలా ఉంది? భోగిమంట దగ్గర దగ్గాడా? ఇవన్నీ ఒక కాగితం మీద రాసి పిల్లల ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించండి. అలాగే నెబ్యులైజరు బదులు స్పేసరు (మందు తేలిగ్గా పీల్చడానికి ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) పెట్టి ఇన్‌హేలర్ వాడచ్చా అని అడగండి. మనవాళ్లకి ఇన్‌హేలర్ అంటే అలవాటైపోతుందని భయం, అది ఉత్త భయమే, చాలామంది పిల్లలకి అదే తేలిక.

ఇప్పుడు మీ ఉద్యోగం.

నేను 1987లో ఉద్యోగం వచ్చి హైదరాబాద్ వచ్చాను. బర్కత్‌పురాలో ఆడవాళ్ల హాస్టల్, గదికి నలుగురం. మొదటి ఆదివారం ఏం చెయ్యాలో తోచక బస్సెక్కి పబ్లిక్ గార్డెన్స్‌కి వెళ్లాను. గేటు దగ్గర వేరుశనక్కాయల పొట్లం కొనుక్కుని, ఒక చెట్టు కింద బెంచీ మీద రెండు గంటలు కూర్చుని వారపత్రిక చదువుకున్నాను. ఎవరూ వచ్చి "ఎవరమ్మాయివి?", "ఒక్కదానివే కూర్చున్నావేంటి?" అని అడగలేదు. పాలకొల్లులో నాకు ఇరవై మూడేళ్లు వచ్చేదాకా అలా ఒక్కదాన్నీ ఎక్కడా కూర్చోలేదు, కూర్చోనివ్వరు. ఆ రెండు గంటలకోసమే నేను ఈ ఊరిని ఇప్పటికీ ప్రేమిస్తాను, దీని ట్రాఫిక్కూ నాలాల కంపూ అన్నీ తెలిసే ప్రేమిస్తాను. పెద్ద ఊళ్లు మనుషుల్ని ఒంటరి చేస్తాయంటారు, నిజమే, ముసలివాళ్లనీ కొత్తగా వచ్చినవాళ్లనీ చేస్తాయి. కానీ ఆడవాళ్లకి ఊరు ఏమిచ్చిందో లెక్కేసేవాళ్లు తక్కువ. అమీర్‌పేట హాస్టళ్లలో ఉండి కోర్సులు నేర్చుకున్న మన జిల్లాల అమ్మాయిలు ఎంతమందో చూడండి, వాళ్లలో చాలామంది ఊళ్లోనే ఉండిపోయి ఉంటే ఏమయ్యేవాళ్లో నాకు తెలుసు, నా క్లాస్‌మేట్లు అలా ఉండిపోయినవాళ్లే.

మీరు మైక్రోబయాలజిస్టు. కల్చర్ ప్లేటు చూసి ఏ సూక్ష్మజీవి పెరిగిందో, దానికి ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో చెప్పే మనిషి. చిన్న టౌన్లలో చాలా ల్యాబుల్లో రక్తం, మూత్రం, షుగరు లాంటివి టెక్నీషియన్లే చేసేస్తారు, కల్చర్లు పెద్ద ఊరికి పంపుతారు. తణుకులో ఎవరికో తీసిన శాంపిల్ రాత్రి బండిలో వచ్చి ఏదో ఒక రోజు మీ బెంచీ మీదకే చేరి ఉండచ్చు. మరి మీరు తణుకు వెళ్తే ఏం చేస్తారు? భీమవరంలోనో రాజమండ్రిలోనో ఏదైనా పెద్ద ఆసుపత్రిలో దొరకచ్చు, అప్పుడు ఆ రోడ్డు మీద తిరిగేది మీరవుతారు. దొరక్కపోతే పై వాటాలో కోడలుగా ఉంటారు. అది మీకిష్టమైతే నాకు ఏ అభ్యంతరమూ లేదు, మనస్ఫూర్తిగా చెప్తున్నాను. ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పాలి, సామాను లారీ ఎక్కాక చెప్పడం కష్టం. మీ 38 వేలు మీ ఇంటి అద్దె కంటే, మెయింటెనెన్స్ కలుపుకున్నా, ఎక్కువ. ఇంకెప్పుడూ దాన్ని పెద్దది కాదులెండి అనకండి.

మా పిన్ని కొడుకు 2021లో హైదరాబాద్ వదిలి కాకినాడ వెళ్లిపోయాడు, ఇప్పటికీ హాయిగా ఉన్నారు. ఎందుకు కుదిరిందంటే ముందు వెళ్దామన్నది అతని భార్య. ఆ అమ్మాయికి లెక్కల ట్యూషన్లు పెట్టాలని ఎప్పట్నుంచో ఉంది, అక్కడ నలభై మంది పిల్లలున్నారు ఇప్పుడు. నా స్నేహితురాలి కొడుకు కూడా అదే టైములో గుంటూరు వెళ్లాడు. పద్నాలుగు నెలలకి ఆఫీసు వెనక్కి పిలిచింది. అతనొక్కడూ మాదాపూర్ పీజీలో, పెళ్లాం పిల్లలు గుంటూరులో, రెండు ఖర్చులు, శుక్రవారం రాత్రి బస్సు కోసం ఎదురుచూడటం. చివరికి అందరూ తిరిగొచ్చారు, బాబు స్కూలు రెండుసార్లు మారింది. అందుకే మీ ఆయన ఆఫీసులో మేనేజరు "చూద్దాంలే, నేనున్నాగా" అన్న మాటని నమ్మి ఇల్లు కదపకండి. మేనేజర్లు మారిపోతారు. పూర్తిగా ఇంటినుంచే అని హెచ్ఆర్ నుంచి మెయిల్ వస్తేనే అది ఉన్నట్టు. నలభై ఏళ్ల వయసులో ఈ ఉద్యోగం పోతే రెండోది ఎక్కడ వెతుక్కుంటారో కూడా ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి, టెన్షన్ పెట్టాలని కాదు, ముందే అనుకుని ఉంటే తర్వాత భయం తక్కువగా ఉంటుంది.

మీ అన్నయ్య ఫ్లాట్ సలహా గురించి రెండు మాటలు చాలు. పారిపోవాలనిపిస్తున్న చోట ఇరవై ఏళ్ల ఈఎంఐ కట్టుకోకూడదు. ఎప్పుడైనా కొంటే ఆ నేల చరిత్ర కనుక్కోండి. మాసబ్ ట్యాంక్ అంటే మా సాహెబా చెరువు, నల్లకుంట పేరులోనే కుంట ఉంది, ఈ ఊళ్లో పేరు మాత్రమే మిగిలిన చెరువులు ఎన్నో. 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకి నీళ్లన్నీ తమ పాత దారి వెతుక్కుంటూ ఇళ్లలోకి వచ్చాయి. చెరువు ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే హద్దు, ఎక్కడిదాకా ఉందో మ్యాపులో చూసుకుని, జులైలో గట్టి వాన పడిన రోజు ఆ వీధికి వెళ్లి నిలబడి చూసి కొనాలి. చిన్న ఊళ్లు మునగవని కాదు, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ని ఏం చేసిందో చూశాం కదా.

ఇక ఏం చెయ్యాలో. మీ పని కూకట్‌పల్లిలో, ఆయన పని నానక్‌రామ్‌గూడలో, రెంటికీ మధ్యలో కొండాపూర్, హఫీజ్‌పేట పడతాయి. అక్కడ అద్దె ఎక్కువే, నిజం. అందుకని కొత్త గేటెడ్ కమ్యూనిటీల జోలికి పోకుండా, లిఫ్టు పాతదైనా సరే, పదిహేనిరవై ఏళ్ల కిందటి చిన్న అపార్ట్‌మెంట్లు చూడండి. నెలకి ఐదారు వేలు ఎక్కువైనా పెట్టండి. పెట్రోలులో కొంత, ట్యాంకర్లలో కొంత తిరిగొస్తుంది, అన్నిటికంటే ఆయన ఇంటికి ఏడింటికొస్తారు. మీకు ల్యాబ్‌కి బస్సుంది, 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ సిటీ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ డబ్బుల్లేవు కాబట్టి ఆ ఖర్చూ ఉండదు. పిల్లల స్కూలు ఇంటికి నడిచే దూరంలో పెట్టండి, పేరున్న స్కూలు కోసం గంట వ్యాను ఎక్కించకండి.

వేసవి సెలవులు ఏప్రిల్ ఆఖర్లో మొదలవుతాయి. ఆయన ఆఫీసులో మే నెలంతా ఇంటినుంచి చేస్తానని అడగమనండి, ఒక్క నెలే కాబట్టి ఒప్పుకోవచ్చు. పిల్లల్ని తీసుకుని పై వాటాలో దిగండి. చుట్టాల్లా ఉండకండి, అక్కడే కాపురం ఉన్నట్టు ఉండండి, మీ వంట మీరే, కరెంటు పోయినప్పుడు ఇంటర్నెట్ ఎంతసేపు ఆగుతుందో రాసుకోండి, బాబు దగ్గు రాసుకోండి, ఆయన రోజూ ఏం మాట్లాడుతున్నారో కూడా చూడండి. మీకు సెలవు దొరికినన్ని రోజులే వెళ్లండి, ఆ రోజుల్లో ఒక పొద్దుటిపూట తణుకులోనూ భీమవరంలోనూ ల్యాబులకి వెళ్లి ఉద్యోగం ఉందా, జీతమెంత అని మీరే అడిగి రండి. కొత్త ఇంటి అగ్రిమెంటు ఎలాగూ పదకొండు నెలలకే ఉంటుంది. మే నెల బాగా గడిచి, మెయిల్ కూడా చేతికొచ్చి, మీకూ పని దొరికితే వచ్చే ఏడాది వెళ్లడానికి మిమ్మల్ని ఆపేవాళ్లెవరూ లేరు, అప్పుడు నేనే వెళ్లమంటాను.

నిజాంపేట ఇంటి ఓనరుకి రెండు నెలల ముందు చెప్పాలని మీ అగ్రిమెంటులో రాసి ఉంటుంది, ఒకసారి తీసి చూడండి. అలా ఉంటే ఏప్రిల్ మొదటి వారంలోపు చెప్పెయ్యాలి, లేకపోతే అడ్వాన్సులో కోసుకుంటారు. దానికంటే ముందు ఈ ఆదివారం పిల్లలు పడుకున్నాక ఆయన పక్కన కూర్చుని, నాకు రాయని ఆ ఒక్క వాక్యం ఆయనకి చెప్పండి.